చార్జిషీటు ఒడియాలో, వీడియో తెలుగులో

హత్యకు గురైన కూతురి ఒంటి మీద ఎన్ని గాయాలున్నాయో ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఉండే ఒక తల్లికి యూట్యూబ్ చెప్పింది. పోలీసులు చెప్పలేదు, ప్రభుత్వ వకీలు చెప్పలేదు. ఎఫ్ఐఆర్ నుంచి చార్జిషీటు దాకా కాగితాలన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. ఆమెకు తెలుగు తప్ప చదవడం రాదు. ఆ ఇంట్లో ఒడియా చదవగలిగింది చనిపోయిన అమ్మాయి ఒక్కతే. ఏడాదిన్నరగా గుడ్డసంచిలో పెట్టి బీరువాలో దాచుకున్న ఆ కాగితాల్లో ఏముందో మొన్న పక్కింటివాళ్ల ఫోన్లో, వెనక మ్యూజిక్‌తో సహా, ఆమె వినాల్సి వచ్చింది.

కేసు వివరాలు పాఠకులకు తెలిసినవే, మళ్లీ రాయం. నాగావళి మీద డ్రోన్ షాట్‌తో మొదలయ్యే ఆ వీడియోలో ఏం చెప్పారో కూడా రాయం. థంబ్‌నెయిల్ గురించి మాత్రం చెప్పాలి. అమ్మాయి పెళ్లినాటి ఫొటో, ముఖం చుట్టూ ఎర్రటి సున్నా, పక్కన బాణం గుర్తు, ‘ఆ రాత్రి ఏం జరిగింది?’ అన్న ప్రశ్న. దర్యాప్తుకు కావాలంటే ఆల్బమ్‌లోంచి ఆ ఫొటో ఊడదీసి స్టేషన్లో ఇచ్చింది తండ్రే. అక్కడినుంచి అది ఛానల్ వాళ్ల చేతికి ఎలా చేరిందో అడిగే నాథుడు లేడు. ఇప్పుడు ఆయన టిఫిన్ కొట్టుకు ఇడ్లీ కోసం కాక ఆయన ముఖం చూడటానికి వచ్చేవాళ్లున్నారు. తమ్ముడికి స్కూల్లో ఎవరో ఫోన్ తీసి అక్క వీడియో చూపించారు. వాడు స్కూలు మానేశాడు.

ఇదంతా న్యాయం కోసమేనట! వీడియో చివర అదే చెప్పారు. ఏ న్యాయం? కేసు కోర్టులో ఉంది, సాక్షుల విచారణే ఇంకా పూర్తి కాలేదు. మధ్యలో లోన్ యాప్ ప్రకటన వేసుకుని, అది అయ్యాక మళ్లీ హత్య దగ్గరికి వచ్చే న్యాయం ఎక్కడైనా ఉందా?

ఇలాంటి వీడియోల వల్ల మూలనపడ్డ కేసులు కదులుతాయని, ఆడపిల్లలకు జాగ్రత్త తెలుస్తుందని కొందరంటారు. ఒకటీ అరా అలా జరిగి ఉండొచ్చు. ఈ కేసు మూలన పడలేదు.

అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ఆమె చనిపోయినా, కన్నవాళ్లు ఒప్పుకున్నా, సెషన్స్ జడ్జి అనుమతి లేకుండా పేరు వాడకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తేల్చింది. మామూలు హత్యకు ఆ రక్షణ లేదు. (మామూలు హత్య! చట్టం మా చేత రాయిస్తున్న మాట ఇది.) ఒక సినీనటుడి మృతిపై తీసిన సినిమాను ఆపమని ఆయన తండ్రి వెళితే, గోప్యత హక్కు మనిషితోనే పోతుందని, వారసులకు రాదని 2023లో ఢిల్లీ హైకోర్టు అంది. క్రిమినల్ కేసుల ప్రక్రియ చట్టం మాత్రం ‘బాధితులు’ అన్న మాటలో వారసులనూ చేర్చింది. పరిహారానికి బాధితులు, అప్పీలుకు బాధితులు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆ తల్లిదండ్రులు ఎవరూ కారు. న్యాయం పేరు చెప్పుకునేవాళ్లు సరిగ్గా ఈ సందులోంచే దూరుతున్నారు.

సరిహద్దులో ఇంకో తిప్పలు. ఇక్కడ అడిగితే ‘అది ఆంధ్రా ఛానల్ కదా’ అంటారు, అక్కడ అడిగితే ‘అది ఒడిశా కేసు కదా’ అంటారు. దర్యాప్తు సంగతులు మీడియాకు ఎంతవరకు చెప్పాలో మాన్యువల్ తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు మూడు నెలల గడువిచ్చింది. మాన్యువల్ సంగతి దేవుడెరుగు, స్టేషన్ బీరువాలో ఉండాల్సిన ఫొటో థంబ్‌నెయిల్‌లో ఉంది. ఇచ్చిన చెయ్యి ఎవరిదో జిల్లా పోలీసులు తేల్చాలి.

మా చేతులూ కడిగిన ముత్యాలేం కావు. ‘ప్రేమ వ్యవహారమే కారణమా?’ అని మేమూ హెడ్డింగులు పెట్టాం. ప్రశ్నార్థకం తగిలిస్తే పరువునష్టం కేసు పడదని ఈ వృత్తిలో ఒక నమ్మకం. థంబ్‌నెయిల్‌లో ప్రశ్న పెట్టడం వాళ్లు మా దగ్గర నేర్చుకున్నదే. అలాగని మేం నోరు మూసుకోం.

ఆ వీడియో తీసినాయన కొట్టుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, ఆ తండ్రి చట్నీ వేస్తుంటే ఫోన్‌తో తీసుకుపోయాడు. ‘మీ అమ్మాయి గురించి చెప్పబోతున్నాం, మీకు ఇష్టమేనా’ అని ఒక్క మాట అడగలేదు. న్యాయం కోసం వచ్చినవాడికి అడగడానికి నోరు రాలేదా? కోర్టు నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఆ ఫొటో ఇవాళే తీసేయండి. తీసేశాక, ‘కుటుంబం మనోభావాలను గౌరవించి’ అంటూ దాని మీద ఇంకో వీడియో చేయకండి.