చార్లీ హేడెన్ బేస్, ఆయన నిరసన

అమెరికన్ జాజ్ కళాకారుడు చార్లీ హేడెన్‌ను శాక్సొఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందంలోని బేస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తంత్రీవాద్యం) వాద్యకారుడిగా చక్కగా పరిచయం చేసిన మీ వ్యాసం, ఆయన రాజకీయ విశ్వాసాలను ఒక్క వాక్యంతో ముగించడం నాకు వెలితిగా తోచింది. 1971 నవంబరులో పోర్చుగల్‌లోని కష్కాయిష్ జాజ్ ఉత్సవంలో, నియంతృత్వ ప్రభుత్వం కళ్లెదుటే, చే గువేరా స్మృతిలో తాను కూర్చిన రచనను అంగోలా, మొజాంబిక్ తదితర వలసల్లో పోర్చుగీసు పాలనపై పోరాడుతున్న నల్లజాతి విమోచనోద్యమాలకు అంకితమిస్తున్నానని ఆయన వేదికపై నుంచే ప్రకటించారు. మర్నాడు లిస్బన్ విమానాశ్రయంలో రహస్య పోలీసులు ఆయనను నిర్బంధించి ప్రశ్నించారు. అతిథిగా వెళ్లిన దేశంలో అంత మాట అనడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఊహించండి!

అంతకు ముందే, వియత్నాం యుద్ధం రేపిన ఆవేదనతో, 1969లో జాజ్ స్వరకర్త, పియానో కళాకారిణి కార్లా బ్లే సహకారంతో ఆయన లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాను నెలకొల్పారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో గణతంత్రవాదులు పాడుకున్న పాటలు ఆ బృందం తొలి ఆల్బమ్‌లో ఉన్నాయి. నా దృష్టిలో అక్కడ ఆయన బేస్ కేవలం తాళానికి తోడు కాదు. తక్కువ స్వరాలతో, తొందరపడకుండా, మిగిలిన వాద్యాలన్నిటినీ నిలబెట్టే గొంతు. అమెరికా అధ్యక్షుడు రీగన్ హయాంలోనూ, ఇరాక్ యుద్ధ కాలంలోనూ ఆయన ఆ బృందాన్ని మళ్లీ సమీకరించారు. ఈ కృషి మొత్తాన్ని వివరిస్తూ మీరు మరో వ్యాసం రాయాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.