నోటీసు అక్టోబరులో, గింజలు ఆగస్టులోనే

ఊరి చివర మాకు 240 గజాల ఖాళీ స్థలం ఒకటి ఉంది. పోయిన అక్టోబరులో అక్కడి పక్కింటాయన ఫోను చేసి, "అన్నగారూ, మీ స్థలంలో కర్ర పాతి ఏదో కాగితం కట్టి వెళ్ళారు, ఒకసారి వచ్చి చూసుకోండి" అన్నారు. వెళ్ళి చూస్తే పురపాలక సంఘం నోటీసు. ఏడు రోజుల్లో పిచ్చిమొక్కలు తొలగించాలి, లేకపోతే వారే తొలగించి ఆ ఖర్చును పన్నుతో కలిపి వసూలు చేస్తారట.

సిగ్గేసింది, ఒప్పుకుంటాను. మా ఇంటి పక్క ఖాళీ స్థలం మీద మూడేళ్ళుగా ఫిర్యాదులు పెడుతున్నది నేనే. దాని యజమాని విదేశాల్లో ఉంటారు. ఓ వానాకాలం అందులోంచి జెర్రిపోతు మా మెట్లెక్కిన రోజున ఆయన్ను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నాకే తగిలాయి. స్థలం కొని, రేటు పెరిగేదాకా అటు తొంగిచూడని మాలాంటి వాళ్ళను అదిలించడానికి ఇలాంటి నిబంధన ఉండాల్సిందే. కానీ అక్టోబరులోనా?

మా స్థలంలో ముప్పాతిక వంతు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, వయ్యారమంతా తెల్లటి పూతలోనే, మిగతాదంతా దురదే. మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది, ఒక్కో మొక్క 15,000కు పైగా గింజలు రాల్చగలదు. జూన్ వానలకు మొలిచిన మొక్క ఆగస్టుకల్లా ఆ పని మొదలుపెట్టేస్తుంది. దీని నిర్మూలన కోసం అవగాహన వారోత్సవం ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు జరుపుతారు. అంతకు రెండు నెలల తర్వాత నోటీసు ఇవ్వడమంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

గడువుకు భయపడి జేసీబీని పిలిపించాను. గంట లెక్కన డబ్బు కట్టి నేలను నున్నగా గీకించాను. ఫొటో పంపితే "శుభ్రం చేశారు" అని రాసుకున్నారు. డిసెంబరులో వెళ్ళి చూద్దును కదా, నారుమడి పోసినట్టు పచ్చగా, ఒత్తుగా అదే వయ్యారిభామ! మట్టిలో గింజలు నిండుగా ఉన్నాయి, పైన వాటికి పోటీ వచ్చే గడ్డిపోచ కూడా లేకుండా నేనే చేసిపెట్టాను, ఈశాన్య రుతుపవనాలు తడి ఇచ్చాయి. ఇంకేం కావాలి దానికి!

జేసీబీ అందని మూలల్లో పీకడానికి ఇద్దరు ఆడకూలీలు వచ్చారు. ఒకామె కొంగు ముక్కుకు చుట్టుకుంది గాని చేతులకు ఏమీ లేవు. మధ్యాహ్నం మంచినీళ్ళ సీసా అందుకుంటుంటే చూశాను, మోచేతి మడతలో ఎర్రటి దద్దుర్లు, గోకిన గీతలు. "ఇది మామూలేనండి, కొబ్బరినూనె రాసుకుంటే పోతుంది" అంది. రబ్బరు తొడుగులు ఎంతని! ఆ నోటీసు రాసిన వారికి తోచలేదు, పని చెప్పిన నాకూ తోచలేదు.

పీకిన కుప్పకు రాత్రికి రాత్రి ఎవరో నిప్పు పెట్టారు. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మరి పీకినదాన్ని ఎక్కడ వేయాలో మాత్రం నోటీసులో ఉండదు. చెత్త బండి వాళ్ళేమో కొమ్మా రెమ్మా మేం తీసుకోం అంటారు.

నోటీసు జూలై మొదటి వారంలోనే రావాలి, కర్రకు కాదు, ఫోనుకు. ఖాళీ స్థల పన్ను కట్టమని ఏటా ఠంచనుగా సందేశం వస్తుంది కదా, నంబరు లేదని ఎలా అంటారు? పూత రాకముందే వేళ్ళతో పీకించమనాలి. నేల గీకడాన్ని శుభ్రతగా లెక్క కట్టడం మానాలి. ఆ చోట తంటెం, వెంపలి, బంతి లాంటివి పెంచితే వయ్యారిభామ వెనక్కి తగ్గుతుందని కలుపు శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. కానీ మన నోటీసు కంటికి తంటెమూ పిచ్చిమొక్కే!

ఈసారి తొలి వానకే నాలుగు జతల తొడుగులు కొని నేనే పనివాళ్ళతో వెళ్తాను. బంతి విత్తనాలు కూడా తెచ్చిపెట్టాను. అయినా అక్టోబరులో మళ్ళీ కాగితం వేలాడితే, మా స్థలం వెనక పురపాలక సంఘం వారే పార్కుకని వదిలిన జాగా ఫొటో జవాబుతో పాటు పంపుతాను. అందులో వయ్యారిభామ నా నడుము దాకా ఉంది. అక్కడ ఏ కర్రా పాతలేదు.