ఖాళీ కుర్చీకి పక్షపాతం లేదు

విశాఖలో ఏ సర్కారు ఆఫీసుకు వెళ్లినా సార్ కనబడకపోవచ్చు గానీ సార్ టవలు కనబడుతుంది. కుర్చీ వీపు మీద తెల్లగా, మడత నలగకుండా ఉంటుంది. "సార్ క్యాంపులో ఉన్నారండీ" అంటాడు అటెండరు. సర్వీసులో ఉండగా ఆగిపోయిన ఒక ఇంక్రిమెంటు మీద అప్పీలు పెట్టుకుని, అలాంటి ఒక వరండాలో పదకొండుసార్లు కూర్చున్నాను. అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. ఆ పదకొండుసార్లలో ఆ టవలు నన్ను ఒక్క మాట అనలేదు. మా పై అధికారి వైపూ మొగ్గలేదు. అంతటి నిష్పక్షపాతం ఆ కుర్చీలో మనిషి కూర్చున్న రోజున నాకు దొరకలేదు.

ఈ జ్ఞానోదయం బీచ్ రోడ్డులో, కాళీమాత గుడి దగ్గర పొద్దున్నే నడుస్తుండగా కలిగింది. నాతో నడిచే రిటైర్డ్ సూపరింటెండెంట్ గారి అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడి సంగతులు ముందు ఆయనకు, ఆ తర్వాత నాకు చేరతాయి. సర్కారుకీ ఉద్యోగుల సంఘాలకీ మధ్య పేచీలు తీర్చడానికి అమెరికావాళ్లు 1978 చట్టంతో ఫెడరల్ లేబర్ రిలేషన్స్ అథారిటీ అని ఒకటి పెట్టుకున్నారు. ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు నియమించాలి, సెనేట్ ఒప్పుకోవాలి. ఒకే పార్టీ వాళ్లు ఇద్దరికి మించకూడదు. పద్ధతిగా ఉంది కదా. కానీ పద్ధతికి అసలు అందం తెచ్చింది ఖాళీలే.

యాజమాన్యం అన్యాయం చేసిందని ఎవరైనా ఫిర్యాదు తెస్తే, దాన్ని విచారించి కేసు నడపాల్సింది అక్కడి జనరల్ కౌన్సెల్. 2017 నవంబరు నుంచి 2021 మార్చి దాకా ఆ కుర్చీ ఖాళీ. ఆ సంతకం లేనిదే కేసు కదలదు. మూడేళ్లు దాటి అమెరికా సర్కారు తన ఉద్యోగులకు ఏ అన్యాయం చేసినా, ఈ దారిలో కొత్తగా ఒక్క కేసూ నడవలేదు. రామరాజ్యంలో కూడా ఒక చాకలి నోరు విప్పాడు.

"మరి ఫిర్యాదులు ఏమయ్యాయేటండీ?" అన్నాను.

"పెండింగు" అన్నారాయన. ముప్పై రెండేళ్లు ఫైళ్లతో కాపురం చేసిన మనిషి ఆ మాటను ఎంత ఆప్యాయంగా పలికారో!

2025 ఫిబ్రవరిలో ఆ అథారిటీ ఛైర్మన్ సుసాన్ గ్రండ్‌మన్‌ను అధ్యక్షుడు ట్రంప్ తీసేశారు. మార్చిలో కోర్టు మళ్లీ కూర్చోబెట్టింది. జూలైలో పైకోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. అప్పటికి మిగిలింది ఇద్దరు, చెరో పార్టీ. ఒకరు అవునంటే రెండోవారు కాదనొచ్చు. తక్కెడ ఇంతకంటే సమంగా ఎక్కడ నిలుస్తుంది? మార్చిలోనే అధ్యక్షుడు ఇంకో ఉత్తర్వుతో, దేశ భద్రత పేరు చెప్పి, చాలా శాఖల్లో సంఘాలకున్న బేరసారాల హక్కునే తీసేశారు. పేచీపడే హక్కే పోయాక తీర్పరి ఎందుకు? ఖర్చు కలిసొస్తుంది.

అమెరికా మనకు నేర్పిందనుకునేరు. మనం ఇంకా ముందున్నాం. వాళ్లు కుర్చీ ఖాళీ చేయడానికి కోర్టుల చుట్టూ తిరిగారు. మన దగ్గర ఉద్యోగుల సమస్యలు మాట్లాడే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌కి అధ్యక్షులు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగారే. పేకాటలో ముక్కలు పంచేదీ, ఆడేదీ, లెక్క రాసేదీ ఒక్కరే అయితే గొడవకు తావెక్కడ? ఏ సంఘాన్ని గుర్తించాలో చెప్పేదీ సర్కారే. 2023 జనవరిలో ఒక సంఘం, జీతాలు సకాలంలో పడటం లేదని గవర్నరుగారికి మొరపెట్టుకుంటే, గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. మీ అత్తగారి మీద ఊరి పెద్దకు చెప్పారా, ఇక మీరు మా కోడలు కాదు.

సమ్మె చేద్దామా అంటే, అది హక్కే కాదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. నైతికంగా కూడా లేదట. ఇక మిగిలింది విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం. ఆ ఫుట్‌పాత్ మీద ఎవరు టెంటు వేసినా తప్పకుండా హాజరయ్యేది ఆయనొక్కరే.

లెక్కల్లో కూడా మనదే పైచేయి. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్లకు 2022లో జగన్ గారి ప్రభుత్వంలో వేతన సవరణ కింద 23 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చి, దాన్ని పెంపు అన్నారు. ఉద్యోగులు దానికి రివర్స్ పీఆర్సీ (తలకిందుల వేతన సవరణ) అని పేరు పెట్టి, ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు నింపేశారు. కృతజ్ఞత లేని జనం. అంతకుముందు 2019లో గద్దెనెక్కిన వారంలో సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి వాటా కోసే పింఛను పథకం) రద్దు అన్నారు కదా, ఆ వారం చాలా పెద్దది, 2023లో జీపీఎస్ అనే ఇంకో పింఛను పథకం చట్టంగా తేలింది.

ఒక పార్టీనే అంటున్నానని మీకు అనుమానం రావచ్చు. ఖాళీ కుర్చీకి పార్టీ ఉండదు. 2023 జూలై నుంచి అమలు కావాల్సిన 12వ పీఆర్సీ కోసం వేసిన కమిషనర్ ప్రభుత్వం మారాక రాజీనామా చేశారు. కొత్తవారిని వేయండి అని సంఘాలు 2025 అంతా అడుగుతూనే గడిపాయి. అడగడానికి అడ్డేమీ లేదు.

అందుకే మేమిద్దరం ఒక ప్రతిపాదన తయారు చేశాం. ఆంధ్రప్రదేశ్ ఖాళీ కుర్చీ ప్రాధికార సంస్థ. ముఖ్య కార్యాలయం విశాఖలోనే ఉండాలి. భవనం కోసం వెతకక్కర్లేదు. రుషికొండ మీద సముద్రం కనబడేలా ఇంత ఖరీదైన భవనాలు కట్టి, ప్రభుత్వం మారాక వాటిని దేనికి వాడాలా అని నెలల తరబడి ఆలోచించారు. ఈ సంస్థకు అవి ఎలాగూ కుదురుతాయి. సిబ్బంది అక్కర్లేదు. ఒక్క కుర్చీ, దాని మీద ఒక టవలు.

సూపరింటెండెంట్ గారు అర్జీ చదివి, అలవాటుకొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఒకచోట గీత గీశారు.

"టవలు ఏ పద్దు కింద కొంటారు? ముందు మంజూరు కావాలి."

"ఎవరు మంజూరు చేస్తారండీ?"

"అదే చూస్తున్నా" అన్నారు, "సార్ క్యాంపులో ఉన్నారు."