ఆ ఆపిల్ మెసేజ్ మళ్ళీ వచ్చిందండీ

ఈ వారంలో ఐదోసారి. మొదట అమలాపురం పెద్దమ్మ, తర్వాత మా టెన్త్ బ్యాచ్, నిన్న అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. "ఆపిల్‌కి పూసేది ప్లాస్టిక్. ఉల్లిపాయలకి రేడియేషన్ ఎక్కిస్తున్నారు. కోల్డ్ స్టోరేజీ పండు ఉత్త పిప్పి. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే విషం. పండ్లని సర్ఫు నీళ్ళలో అరగంట నానబెట్టండి. పదిమందికి పంపండి."

చాకుతో గీకితే తెల్లగా రాలేది మైనమండీ. ఆపిల్‌కి పుట్టుకతోనే ఉంటుంది. కడిగినప్పుడు కొంత పోతుంది కాబట్టి, పండు ముడతలు పడకుండా తేనెమైనమో, లక్కో, కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనమో మళ్ళీ పలచగా పూస్తారు. కందిపప్పుకి ఆముదం పట్టించి ఏడాది దాచుకునే ఇళ్ళలో పుట్టి, పూత అంటే ఇంత ఉలికిపాటా!

రేడియేషన్ అన్నారే, ఆ గామా కిరణాలు ఉల్లిపాయలోంచి దూసుకుపోతాయి, మొలక రాకుండా ఆపుతాయి. అందులో కాపురం పెట్టవు. అమెరికా 2007లో మన మామిడికి తలుపు తీసిందే ఈ కిరణాలు పట్టించే షరతు మీద. అక్కడ మీ అబ్బాయి బంగినపల్లి కొని ఫోటో పెడితే లైకు కొట్టింది మీరు కాదూ?

కోల్డ్ స్టోరేజీలో విటమిన్ సి కొంత తగ్గుతుంది. పిప్పి అవదు. కాశ్మీరు ఆపిల్ ఉగాదికి ఎలా వచ్చిందనుకున్నారు, నడిచా?

నాకు మండేది సర్ఫు దగ్గర. మొన్న పెద్దమ్మ వంటింట్లో చూశాను: బేసిన్ నిండా నురగ, అందులో ఆపిల్స్, ద్రాక్ష. మనవడు ముక్క నాకి, మొహం చిట్లించి "సబ్బు" అన్నాడు. ద్రాక్షగుత్తి కాడల మధ్య నురగ మూడు నీళ్ళకీ వదల్లేదు. చొక్కా కాలరు మురికి తీసే పొడి పిల్లాడి పొట్టలోకెందుకు పెద్దమ్మా? కుళాయి కింద చేత్తో రుద్ది కడుగు. మైనం ఇష్టం లేదా, తొక్క తీసెయ్.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఏ మైనం పూశారో పెట్టె మీద రాయాలని నిబంధన ఉంది. తోపుడు బండి మీదకొచ్చేసరికి ఆ పెట్టె ఉండదు, బండబ్బాయిని అడిగితే "ఏమోనండీ" అంటాడు. చెప్పకుండా తినమంటే అనుమానం రాదా మరి. ఆ కోపం న్యాయమే.

అరటిపండు ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నదీ నిజమే, కారణమే తప్పు. 13 డిగ్రీల కంటే కిందకి దిగితే చలిదెబ్బకి తొక్క నల్లబడుతుంది. రావులపాలెం మార్కెట్‌లో గెలలు మోసేవాళ్ళని అడిగినా చెబుతారు, అరటికి చల్లదనం పడదని.

ఇంత పొడుగు మెసేజ్‌లో కార్బైడ్ మాట మాత్రం లేదు! పండ్లు మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధం ఉన్నది దానికి. అది రాసి పంపండి, ఆ పదిమందికీ నేనే పంపుతాను.