‘ఎవరు చూడొచ్చారు, ఒక నంబర్ వేసెయ్’ అన్న ఆ మాట

శనివారం నుంచి నా కోపం చల్లారలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

నాకో చిన్న విమానం ఉందని మీలో చాలామందికి తెలుసు. వాన్స్ ఆర్‌వీ-7ఏ, ఇద్దరు కూర్చునేది. ఫ్యాక్టరీలో తయారైంది కాదు, ఒకాయన కిట్ తెప్పించుకుని తన గ్యారేజీలో ఏళ్ల తరబడి రివెట్లు కొట్టి కట్టుకున్నాడు, ఆయన దగ్గర నేను కొన్నాను. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టు హ్యాంగర్‌లో ఉంటుంది. ఈ చలికాలం వారాంతాలన్నీ దాని కిందే పడుకుని గడిపాను. కార్బ్యురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాను. తేమగా ఉన్న రోజుల్లో కార్బ్యురేటర్ గొంతులో మంచు పట్టి ఇంజన్ మూలగడం, నాలుగు సిలిండర్లకీ నాలుగు రకాలుగా పెట్రోలు అందడం, వీటితో విసిగిపోయాను.

చెప్పినంత తేలిక పని కాదు. కార్బ్యురేటర్‌కి 5 పీఎస్‌ఐ ప్రెషర్ ఉంటే చాలు, ఇంజెక్షన్‌కి 25 చుట్టూ కావాలి. అంటే ఇంజన్ మీది పంపు మారాలి, దానికి తోడుండే కరెంటు పంపు మారాలి, ఫిల్టర్ మారాలి, ఇంజన్ గదిలో గొట్టాలన్నీ మారాలి, వాటికి మంట తగలకుండా తొడుగులు వేయాలి. దీని రెక్కలు కింద ఉంటాయి, ట్యాంకులు ఆ రెక్కల్లోనే, కాబట్టి పెట్రోలు తనంతట తాను ఇంజన్‌లోకి దిగదు, పంపు లాగాలి. లాగే వైపు ఎక్కడైనా జాయింట్ వదులైతే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కనబడదు, వాసన రాదు, ఇంజన్ మాత్రం ఆగిపోతుంది. నాలుగు నెలలుగా నన్ను నిద్రపోనివ్వనిది ఈ ఒక్క విషయమే.

అన్నీ బిగించాక చేయాల్సింది ఫ్లో టెస్ట్, అంటే ఇంజన్‌కి సరిపడా పెట్రోలు వస్తోందో లేదో కొలవడం. ఇంజన్ దగ్గర గొట్టం విప్పి, క్యాన్‌లో పెట్టి, ముక్కు పైకెత్తి (టేకాఫ్ తర్వాత విమానం ఎలా ఉంటుందో అలా), ట్యాంకులో కాస్త పెట్రోలే ఉంచి, పంపు వేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని చూడాలి. నా ఇంజన్ 180 హార్స్‌పవర్, ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 16 గ్యాలన్ల దాకా తాగుతుందని నా లెక్క. పంపుతో నడిచే సిస్టమ్ అయితే దానికి 125 శాతం రావాలన్నది ఫ్యాక్టరీ విమానాల పాత నియమం, ఇంట్లో కట్టుకునేవాళ్లూ దాన్నే పట్టుకుంటారు. అంటే గంటకు 20 గ్యాలన్లు, మూడు నిమిషాలకు ఒక గ్యాలన్. చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే లెక్క. ఎడమ ట్యాంకుకి ఒకసారి, కుడి ట్యాంకుకి ఒకసారి.

శనివారం పొద్దున ఆ పని మీద ఉన్నాను. మన తెలుగువాళ్ల పిక్నిక్‌లలో పరిచయమైన ఒక అన్న పిల్లలకి విమానం చూపిద్దామని వచ్చారు. ఆయన కూడా మెకానికల్ ఇంజినీరే. ఎడమ ట్యాంకు పూర్తయింది, 2 నిమిషాల 45 సెకన్లలో గ్యాలన్ నిండింది. క్యాన్ తూకం కూడా వేశాను, గ్యాలన్ ఆరు పౌండ్లు ఉండాలి, ఉంది. సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచుకునే వాల్వు) కుడివైపు తిప్పబోతుంటే ఆయన వాచీ చూసుకుని, “ఇంకా ఎంతసేపు తమ్ముడూ, పిల్లలకి ఆకలేస్తోంది, బిర్యానీకి పోదాం పద. రెండిటికీ పంపు ఒకటే, పైపు ఒకటే కదా, అదే నంబర్ రెండో దానికీ వేసెయ్. నీ లాగ్‌బుక్ ఎవరు చూడొచ్చారు?” అన్నారు.

పైపు ఒకటే కాదన్నా! ట్యాంకు నుంచి సెలెక్టర్ దాకా దేని దారి దానిదే! నేనేమీ అనలేదు. పిల్లలున్నారు కదా అని నోరు మూసుకుని కుడి ట్యాంకుకి తిప్పి వాచీ నొక్కాను.

4 నిమిషాల 40 సెకన్లు. గంటకు 13 గ్యాలన్లు కూడా లేదు. ఇంజన్ అడిగేది 16.

ఈ తేడా అంటే ఏమిటో చెప్తాను వినండి. పైకి వెళ్లి నెమ్మదిగా పోతున్నప్పుడు నా ఇంజన్ గంటకు 8, 9 గ్యాలన్లే తాగుతుంది, కాబట్టి ఏమీ తెలియదు. కుడి ట్యాంకు మీద వంద గంటలు ఎగిరినా తెలియదు. తెలిసేది ఒకే ఒక్కచోట. ఫుల్ పవర్ పెట్టి నేల వదిలాక, కింద రన్‌వే అయిపోయి ఎదురుగా చెట్లూ ఇళ్లూ ఉన్నప్పుడు.

ట్యాంకు దగ్గర్నుంచి ఒక్కో జాయింటూ విప్పుకుంటూ వచ్చాను. సెలెక్టర్‌లోకి కుడి గొట్టం దిగే చోట దొరికింది, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగ్గా, నలిగి ఉండలా చుట్టుకుపోయిన తెల్లటి టెఫ్లాన్ టేపు. మన ఇళ్లలో కుళాయికి చుట్టే టేపు! దాన్ని ఫ్యూయల్ లైన్‌లో వాడకూడదని ఈ పని నేర్చుకునేవాడికి మొదటి రోజే చెప్తారు. మరలు బిగిస్తుంటే దాని అంచు తెగి లోపలికి పోతుంది, పోయి ఇరుకైన చోట కూర్చుంటుంది. పైపు మరలకి పెట్రోలుకి తట్టుకునే పేస్టు రాయాలి. 37 డిగ్రీల ఫ్లేర్ (గొట్టం మూతిని గరాటాలా విప్పడం) ఉండే జాయింట్లకైతే అసలేమీ రాయక్కర్లేదు, లోహానికి లోహమే ఆనుకుని మూసుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే కార్ల ఫ్లేర్ టూలు 45 డిగ్రీలది, దాంతో చేసినవాళ్లనీ చూశాను. ఎనిమిది డిగ్రీల తేడాకి ఏమవుతుందిలే అంటారు. చెప్తే నీకు చాదస్తం అంటారు. అవును, నాకు చాదస్తమే, ఉండనివ్వండి.

ఇక అసలు మండిపోయిన సంగతి. సెలెక్టర్ పక్కన ఒక స్టిక్కర్ ఉంది, ‘టేకాఫ్ – లెఫ్ట్ ట్యాంక్’ అని. కట్టినాయన అంటించిందే. ఏదో అలవాటు అయ్యుంటుందని రెండేళ్లుగా నేనూ దాని ప్రకారమే ఎడమ ట్యాంకు మీదే లేస్తున్నాను. ఇప్పుడర్థమైంది. ఆయనకి తెలుసు! కుడి ట్యాంకు మీద ఎప్పుడో ఇంజన్ తడబడి ఉంటుంది, గొట్టం విప్పి చూడటానికి బద్ధకించి స్టిక్కర్ అంటించాడు. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఆ పక్క సీట్లో నా కూతుర్ని కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు లేచానో లెక్కపెట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి.

జాన్ డెన్వర్ సంగతి తెలుసా మీకు? అమెరికాలో పెద్ద గాయకుడు. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. అదీ ఇంట్లో కట్టిన విమానమే, లాంగ్-ఈజీ, అప్పుడే కొనుక్కున్నాడు. డిజైన్ చేసిన బర్ట్ రుటాన్ ఫ్యూయల్ సెలెక్టర్‌ని పైలట్ ముందు, కాళ్ల మధ్య పెట్టమన్నాడు. కట్టినాయన దాన్ని తీసుకెళ్లి పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ట్యాంకు మార్చాలంటే సీట్లో వెనక్కి తిరగాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉండటం, ఈ విమానంతో ఆయనకి అలవాటు లేకపోవడం కూడా కలిశాయని, ఆ సెలెక్టర్ ఉన్న చోటూ, దాని మీద గుర్తులు లేకపోవడమూ కారణాల్లో ఉన్నాయని ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో రవాణా ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ) తేల్చింది. కట్టినవాడు ఒకడు, మునిగినవాడు ఇంకొకడు. నా స్టిక్కర్ చూసినప్పటి నుంచి ఆ మనిషే గుర్తొస్తున్నాడు.

అదే ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టే విమానాల మీద పెద్ద అధ్యయనం చేసి, ఫ్యూయల్ సిస్టమ్‌ని పరీక్షించి ఆ రిపోర్టు ఇచ్చాకే ఎగరనివ్వాలని సిఫారసు చేసింది. ఎందుకు చేసిందంటారు? అందరూ ‘నంబర్ వేసేస్తున్నారు’ కాబట్టి! ఈ దేశంలో ఇలాంటి విమానం మీద నా చేతుల్తో నేను ఏ పనైనా చేసుకోవచ్చు, ఏడాదికోసారి లైసెన్సున్న మెకానిక్ చూసి సంతకం పెడితే చాలు. ఇంత పెద్ద మార్పు చేశాక కనీసం 5 గంటలు ఒంటరిగా ఎగిరి పరీక్షించుకోవాలి, అంతే. అంత స్వేచ్ఛ ఇచ్చారు. దాన్ని పట్టుకుని దొంగ లెక్క రాయమంటావా అన్నా?

ఆయన మీద ఒక్కడి మీదే కోపం అయితే ఈపాటికి పోయేది. ఆ మాట ఆయనది కాదు. ఇరవై ఏళ్ల కింద మా కాలేజీలో విన్న మాట. థర్మల్ ల్యాబ్ గుర్తుందా, మెకానికల్ చదివినవాళ్లకి? డీజిల్ ఇంజన్, పక్కన గాజు బ్యూరెట్, ‘10 సీసీ ఇంధనం అయిపోవడానికి పట్టిన సమయం’ అని రికార్డులో ఒక కాలమ్. శనివారం నేను చేసిన పరీక్ష అదే! అచ్చంగా అదే! క్యాన్ పెద్దది, అంతే తేడా. మా కాలేజీలో ఆ ఇంజన్ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, సెకన్లలో ఒకటో రెండో అటూ ఇటూ మార్చి రాసుకోమని సారే చెప్పారు. నేను ఒకసారి లేచి, “సార్, ఇంజన్ నడపకుండా రీడింగ్ ఎలా వస్తుంది?” అని అడిగితే క్లాసంతా నవ్వింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి చూసిపోయాడు, అందరికీ మార్కులు పడ్డాయి. ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఆ నవ్వినవాళ్లలో ఎంతమంది ఇప్పుడు ఎక్కడెక్కడ ఏ రిపోర్టుల మీద సంతకాలు పెడుతున్నారో.

నాకు ఈ టెస్ట్ నిజంగా నేర్పింది విజయవాడ ఆటోనగర్‌లో నాన్న చేతక్ స్కూటర్ బాగుచేసే మస్తాన్ బాబాయి. బండి ఆగిపోతోందని తీసుకెళితే కార్బ్యురేటర్ ముట్టుకునేవాడు కాదు. ముందు పెట్రోలు పైపు పీకి, ఖాళీ సీసాలో పెట్టి, ధార చూసేవాడు. మెయిన్‌లో ఒకసారి, రిజర్వ్‌లో ఒకసారి. “ధార సన్నగుంటే రోగం పైన ఉన్నట్టు, కింద వెతికితే ఏం దొరుకుద్ది” అనేవాడు. రెండూ చూసేవాడు, ఏనాడూ ఒకటి చూసి రెండోది వదల్లేదు. చదివింది ఐదో క్లాసు. మా ఇంట్లో మాత్రం, నేను ఆయన దగ్గర కూర్చుంటే, “ఇంజినీరింగ్ చదివేవాడివి, ఆ మసి ఎందుకురా” అని తిట్టేవాళ్లు. ఇప్పుడు కూడా ఫోన్‌లో అదే అడుగుతారు.

అన్న, పిల్లలు బిర్యానీకి వెళ్లారు, నేను వెళ్లలేదు. రాత్రి మెసేజ్ పెట్టారు, “మరీ అంత సీరియస్ అయితే ఎలా తమ్ముడూ” అని. ఆ టేపు ముక్కని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపించాను. చూశారు, జవాబు లేదు.

ఆదివారం ఆ గొట్టమంతా కడిగి, మరలు శుభ్రం చేసి, పేస్టు రాసి మళ్లీ బిగించి కుడి ట్యాంకు కొలిచాను. 2 నిమిషాల 50 సెకన్లు. అయినా ఆ సెలెక్టర్‌ని నమ్మబుద్ధి కావట్లేదు, కొత్తది ఆర్డర్ పెట్టాను. అది వచ్చాక రెండు ట్యాంకులూ మళ్లీ మొదటి నుంచి కొలుస్తాను. లాగ్‌బుక్‌లో 4 నిమిషాల 40 సెకన్లు కూడా రాశాను, కొట్టేయకుండా, పెన్నుతో, ఎక్కడ ఏం దొరికిందో కూడా. రేపు ఈ విమానం నా దగ్గర కొనేవాడు చదువుకుంటాడు. స్టిక్కర్ పీకేశాను.