సడ్డకుల ప్రాసెసర్ పంచాయితీ

మా ఇంటి అల్లుళ్ళిద్దరూ పోటీ పడని వస్తువు హైదరాబాదులో ఇంకా అమ్మకానికి రాలేదు. పెద్దబావ ఉప్పల్‌లో ఫ్లాటు కొంటే చిన్నబావ మల్కాజిగిరిలో అంతకంటే యాభై ఎస్సెఫ్టీ ఎక్కువ చూసుకుని కొన్నాడు. ఒకాయన బండి లీటరుకు యాభై ఇస్తే రెండో ఆయనది యాభై అయిదు ఇస్తుంది, అదీ మెట్టుగూడ ట్రాఫిక్‌లో. ఈసారి పిల్లల చదువులని పేరు పెట్టి ఇద్దరూ కంప్యూటర్ల మీద పడ్డారు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ దగ్గర పెద్దబావ ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ అన్నాడు. అందుకని చిన్నబావ ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్ అన్నాడు.

కొనకముందే మా ఫ్యామిలీ గ్రూపులో లొల్లి మొదలైంది.

"నాది 4.6 గిగాహెర్ట్జ్ దాక పోతదన్నా, నీది 4.4 కాడనే ఆగుతది."

"నీది 2020 నవంబర్ల వచ్చిన పాత మాల్ తమ్మీ. నాది 2022 జనవరి."

"నా దాంట్ల క్యాష్ 32 ఎంబీ, నీ దాంట్ల 18."

"నాకియ్యాల్సిన క్యాష్ సంగతి తేల్చు ముందుగాల."

మొదటి క్యాష్ ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, రెండోది డబ్బు. రెండు ప్రాసెసర్లలోనూ పనిచేసే కోర్లు ఆరే, ఒకేసారి నడిపే పనుల వరసలు, అంటే థ్రెడ్లు, పన్నెండే. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల టిక్కులు, కానీ వేరువేరు కంపెనీలవి పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. ఒక్కో టిక్కులో ఏది ఎంత పని చేస్తుందన్నది వేరే లెక్క. పదో తరగతి పిల్లల ప్రాజెక్టు వర్కుకు ఏదైనా ఎక్కువే. ఇదే గ్రూపులో రాశాను. ఇద్దరూ చెరొక బొటనవేలు పెట్టి, మళ్ళీ తిట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

చివరికి మా నాన్న కలగజేసుకున్నారు. రిటైరైన లెక్కల సారు, కొలవకుండా ఏదీ ఒప్పుకోరు. "ఆదివారం రెండూ రామ్‌నగర్ తీసుకురండి, పరీక్ష పెడదాం" అని తీర్పు చెప్పారు. శనివారం సాయంత్రం ఇద్దరూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి, వేరువేరు షాపుల్లో అసెంబుల్ చేయించుకున్నారు. మామ చేతుల మీదుగానే ప్రారంభం అనుకుని అట్టపెట్టెలు విప్పను కూడా విప్పలేదు.

ఆదివారం పొద్దున పెద్దబావ ఆటోలో దిగాడు, కేబినెట్ ఒళ్ళో పెట్టుకుని. చిన్నబావ స్కూటీ మీద వచ్చాడు, కేబినెట్ కాళ్ళ మధ్య, కొడుకు వెనకాల. అమ్మ రెండిటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. పెద్దబావ కేబినెట్‌కు ముందువైపంతా జాలీ కావడంతో కుంకుమ సగం లోపలికి పోయింది. "గాలికి అడ్డమొస్తదేమో అత్తమ్మా" అన్నాడాయన. ఓడిపోతే చెప్పుకోవడానికి ఒక కారణం అప్పుడే దొరికింది.

మానిటర్లు ఎవరూ మోసుకురాలేదు. హాల్లో టీవీకి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నాయి, చెరొకటి. నాన్న పాత హాజరు రిజిస్టరు తెరిచి, రెండు గళ్ళు గీసి, ఎర్రపెన్ను మూత తీశారు.

స్విచ్‌లు వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. చిన్నబావ కేబినెట్ వినాయకుడి మంటపంలాగా రంగులు మార్చింది. టీవీలో మాత్రం నీలం తెర, దాని మీద 'నో సిగ్నల్'.

"నీది ఖరాబైంది అన్నా" అని చిన్నబావ ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. పెద్దబావ రిమోట్ లాక్కుని రెండో పోర్టుకు మార్చాడు. అక్కడా నో సిగ్నలే. ఇప్పుడు నవ్వడం ఆయన వంతు. అటూ ఇటూ మారుస్తూ, ఎవరి పోర్టు వస్తే రెండోవారు నవ్వుతూ చాలాసేపు గడిపారు. నాన్న రెండు గళ్ళలోనూ సున్నా వేశారు.

షాపులవాళ్ళు ఆదివారం ఫోన్ ఎత్తలేదు. పై పోర్షన్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లగాడిని పిలిస్తే, వంగి ఒకసారి వెనకవైపు చూసి, "అంకుల్, గ్రాఫిక్స్ కార్డులేవి?" అన్నాడు.

"వీడియో గేములాడే వయసా మాది?" అన్నారిద్దరూ, పెళ్ళయ్యాక మొదటిసారి ఒకే గొంతుతో.

విషయం ఏమిటంటే, 12400ఎఫ్ లోపల గ్రాఫిక్స్ ఉండవు. 5600ఎక్స్‌లోనూ ఉండవు. మదర్‌బోర్డుకు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది గానీ, బొమ్మ పంపేవాడు లోపల లేడు. షాపులో టెస్టింగుకు వాళ్ళ కార్డు పెట్టి చూపించారు, తీసేసి ప్యాక్ చేశారు. కార్డు కావాలా అని అడిగితే వద్దన్నది వీళ్ళే.

పిల్లగాడు దయతలచి తన పాత జీటీ 710 కార్డు తెచ్చాడు. ఉన్నది ఒక్కటే. వయసు లెక్కన ముందు పెద్దబావకు. ప్రాసెసర్‌కు మార్కులేసే సాఫ్ట్‌వేర్ సినీబెంచ్ ఆర్23 పెట్టారు. ప్రాసెసర్ కోర్లన్నీ కలిసి ఒక బొమ్మను గళ్ళు గళ్ళుగా గీయాలి, పది నిమిషాల దాకా గీస్తూనే ఉండాలి. అమ్మ వడియాల పళ్ళెం పట్టుకుని నిలబడి చూసింది. "బొమ్మ పూర్తయింది కదరా, మళ్ళా మొదటికెందుకు పోయింది?" అంది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఇప్పటికీ జవాబు లేదు. స్కోరు పన్నెండు వేల పైచిలుకు వచ్చింది. నాన్న సున్నా కొట్టేసి అంకె వేశారు. పెద్దబావ లేచి ఫ్రిజ్‌లోంచి నీళ్ళు తెచ్చి చిన్నబావకిచ్చాడు, ఎంతో ఓదార్పుగా.

కార్డు విప్పి రెండోదానికి బిగించారు. మళ్ళీ గళ్ళు. ఎనిమిదో నిమిషం దాటాక టప్‌మని హాలంతా చీకటి.

"నీ ప్రాసెసర్ కరెంటు తాగుతది తమ్మీ!"

"నాది మహా అంటే 76 వాట్లు. నీది ఫుల్ స్పీడు టర్బోల 117 దాక లాగుతది!"

ఇద్దరివీ నిజమైన అంకెలే, కానీ లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్‌ని పడగొట్టింది ప్రాసెసర్ కాదు. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, అందరికీ చాయ్ పెడదామని, 1500 వాట్ల కెటిల్ గుచ్చి ఉంది. గుచ్చింది మా పెద్దక్క. అంటే ఇంటెల్‌వారి భార్య.

ఆ తర్వాత గంటసేపు హాల్లో నడిచినదానికీ ప్రాసెసర్లకూ ఏ సంబంధమూ లేదు. చిన్నక్క పెళ్ళిలో పెట్టిన బంగారం దగ్గర మొదలై, మొన్నటి సంక్రాంతి బట్టల దాకా వచ్చింది. ఈలోగా పిల్లగాడిని వాళ్ళమ్మ పైనుంచి కేకేసింది. వాడు కార్డు ఊడబెరుక్కుని మెట్లెక్కి పోయాడు.

"ఎనిమిది నిమిషాల దాక మస్తు ఉరికింది మామా, పదమూడు వేలు వచ్చేది" అన్నాడు చిన్నబావ. "ఉరకలేక పడిపోయింది" అన్నాడు పెద్దబావ.

నాన్న కళ్ళద్దాలు పైకి జరుపుకుని, రెండో గడిలో సున్నా మీద గీత కొట్టి, ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున ఎర్రసిరాతో రాశారు: 'విత్‌హెల్డ్'.