పర్మిట్ రూమ్ ఉండగా రోడ్డెందుకు రా నాయనా

సాయంత్రం ఆరు దాటితే మా బస్టాండ్ ఎదురు సందులోంచి ఆడపిల్లలు ట్యూషన్‌కి పోలేరు. వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్ ఉంది కదా, లోపల కూర్చొని తాగి చావొచ్చు కదా, లేదు, వీళ్లకి మూసిన షాపుల మెట్లే కావాలి, పార్క్ చేసిన మన బండి సీటే టేబుల్, దాని మీదే క్వార్టర్ సీసా, వాటర్ ప్యాకెట్లు, పల్లీల పొట్లం. జరగండన్నా అంటే "నీ అయ్య జాగానా" అని మీదికొస్తారు. గోడకి పోసేది వేరే. పొద్దున మున్సిపాలిటీ అక్కలు వట్టి చేతుల్తో గాజు పెంకులు ఏరుతుంటే చూడలేం. పోలీసు బండి సైరన్ వేసుకుంటూ వస్తది, సీసాలు వెనక దాస్తారు, అది పోతది, మళ్లీ షురూ. 2025లో తెలంగాణలో వైన్స్‌కి ఒక్క అప్లికేషన్‌కే 3 లక్షలు, షాపు రాకపోయినా వాపస్ ఇయ్యరు, అంత వసూలు చేసినోళ్లకి ఈ సందులో ఒక్క లైటు వెయ్యనీకి పైసల్లేవా?